తడపని గడ్డి

మోకాలి మీద వంగి, అరచెయ్యి చదునుగా ఆనించి నొక్కి చూశాడు. చెమ్మ లేదు. గడ్డి వేళ్ళ సందుల్లోంచి పైకి లేచి చిటికెనవేలి రెండో కణుపు దాటింది. ముప్పై నాలుగేళ్ళలో ఆట ఉన్న రోజు పొద్దున ఈ మైదానం ఇంత గరుకుగా ఎప్పుడూ లేదు. గడ్డం గీసుకోకుండా పెళ్ళికి వచ్చినవాడిలా ఉంది. చూస్తుంటే అతనికే సిగ్గేసింది.

ఫుట్‌బాల్ క్లబ్బులో అందరికీ అతను గడ్డి బాబాయ్. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా కనపడదు. కోయడం, తడపడం, గీతలు గీయడం, ఆట అయ్యాక బూట్ల గుంటలు పూడ్చడం అతని పని.

కిందటేడు క్లబ్బు చచ్చీ చెడీ పై డివిజన్‌కి ఎక్కింది. ఎక్కడం ఒక ఎత్తు, అక్కడ నిలబడటం ఒక ఎత్తు. పెద్ద జట్లు వచ్చి నాలుగేసి గోల్స్ కొట్టి పోతుంటే, సీజను సగంలో కోచ్ అతని షెడ్డుకొచ్చి బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు.

"బాబాయ్, వాళ్ళతో సమానంగా మనవాళ్ళు పరిగెత్తలేరు. బంతే పరిగెత్తకుండా చెయ్యాలి. గడ్డి పెరగనీ. నీళ్ళు పెట్టకు."

"ఎండబెట్టమంటారా?"

"మనల్ని బతికించమంటున్నా."

అప్పట్నుంచి కత్తెర మిషను పళ్ళు పైకెత్తి నడిపాడు. పక్కగీతలను నియమం ఒప్పుకునే చివరి అంగుళం దాకా లోపలికి జరిపాడు. పక్కల నుంచి దూసుకొచ్చేవాళ్ళకి చోటు చాలలేదు. పొడిగడ్డిలో బంతి కాళ్ళీడ్చింది. ఒక డ్రా, ఇంకో డ్రా, అలా ఒక్కో పాయింటూ పోగుపడింది. ఇవాళ చివరి ఆట. ఓడకపోతే చాలు, పై డివిజన్‌లో ఉంటారు.

ఉంటే మాత్రం అతను ఉండడు. పై డివిజన్‌లో ప్లాస్టిక్ పోగులు కలిపి నేసిన మైదానమే ఉండాలట. కొత్తగా వచ్చినవాళ్ళకి ఒక్క ఏడాదే గడువు. ఇవాళ నిలబడితే రేపు పొద్దున్నే తవ్వే యంత్రాలు వస్తాయి, వాటితోబాటే ఆ కొత్త మైదానాన్ని చూసుకునే కంపెనీ మనుషులూ వస్తారు. ఓడి కిందికి జారితే ఈ గడ్డి ఇలాగే ఉంటుంది, అతనూ ఉంటాడు.

పొద్దున డబ్బాలో అన్నం సర్దుతూ భార్య అంది: "ఒక్క గంట పంపు వదిలితే పుట్టి మునుగుతుందా? ఎవరు చూడొచ్చారు? కూర్చున్న కొమ్మను నరుక్కునేవాళ్ళుంటారని వినడమే గానీ అలాంటివాడితో కాపురం చేస్తాననుకోలేదు."

అతను చెప్పులు వేసుకుని వచ్చేశాడు. దారి పొడుగునా ఆమె మాటే నిజమనిపించింది.

మధ్యాహ్నం ఆటకి రెండు గంటల ముందు నిజంగానే పంపు దగ్గరికి వెళ్ళాడు. చక్రం మీద చెయ్యి వేశాడు. గంటసేపు తడిస్తే చాలు, అవతలి జట్టు బంతి అద్దం మీద జారినట్టు జారుతుంది. అప్పుడే జెర్సీలు ఉతికే ఆవిడ గంప చంకన పెట్టుకుని వచ్చింది.

"బాబాయ్, కిందికి పోతే మాలో సగంమందిని తీసేస్తారంట. నిజమేనా?"

"ఎవరన్నారు?"

"అందరూ అంటున్నారు. నా పేరు ఏ సగంలో ఉందో."

"పోంలే. వెళ్ళి నీ పని చూసుకో."

ఆమె వెళ్ళాక చక్రం మీంచి చెయ్యి తీసేశాడు. తీసినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

ఆట సున్నా సున్నాతో ముగిసింది. స్టేడియం ఊగిపోయింది. ఎవరో అతణ్ణి కూడా కావలించుకుని, ఎవరన్నది చూడకుండానే వదిలేశారు. నడవాలో గోడకున్న టీవీలో అవతలి కోచ్ మండిపడుతున్నాడు.

"ఇది మైదానం కాదు, గొడ్లు మేసే బీడు! దీన్ని చూసుకునేవాడికి అసలు పని వచ్చా?"

విలేకరి మైకు తమ కోచ్ వైపు తిప్పాడు. అతను నవ్వాడు. "ఏం చేస్తాం, మాకున్నవాడు అతనే."

బీడు అన్నందుకు బాబాయ్‌కి బాధ కలగలేదు. అది నిజమే, తన చేత్తో తనే చేశాడు. ఆ నవ్వే గుండెలో గుచ్చుకుంది. ముప్పై నాలుగేళ్ళలో తన పని గురించి టీవీలో మాట్లాడింది ఈ ఒక్కసారే.

జనం వెళ్ళిపోయాక కత్తెర మిషను బయటికి తీశాడు. పళ్ళు బాగా కిందికి దించాడు. ఇంత పెరిగినదాన్ని ఒక్కసారే అంత పొట్టిగా కోస్తే మూడు రోజుల్లో పసుపెక్కుతుందని అతనికి తెలుసు. దానికి మూడు రోజులు లేవు. ఒక పట్టె ముదురు, ఒక పట్టె లేత, వెళ్ళడం, రావడం. మోకాలు సలుపుతున్నా ఆపలేదు. అంతా అయ్యాక పంపు తిప్పి మైదానమంతా తడిపాడు. పొద్దు వాలే వెలుగులో పచ్చగా మెరిసింది. ఇదీ నా పని అనుకున్నాడు. చూడటానికి ఎవరూ లేరు.

అవతలి గేటు పక్కన షెడ్డులో అతని చెప్పులున్నాయి. ఎప్పుడూ అంచు చుట్టూ తిరిగే వెళ్ళేవాడు. ఇవాళ బూట్లు విప్పి, వట్టి కాళ్ళతో మైదానం నడిమధ్య నుంచి మెల్లగా నడిచాడు. పాదాల కింద చల్లగా, మెత్తగా ఉంది.

గేటు దగ్గర కాపలామనిషి కేకేశాడు. "బాబాయ్, బూట్లు మర్చిపోయావ్!"

"ఉండనీరా. అవి క్లబ్బువి."

అతని వెనక, దూరంగా పక్కగీత మీద ఆ రెండు బూట్లూ లేసులు విప్పి, మైదానం వైపు తిరిగి ఉన్నాయి. మడమల్లో చెమట ఇంకా ఆరలేదు.