చారల పూలు

భర్త పోయాక కూడా ఆవిడ పూల షెడ్డును వదల్లేదు. పైన అద్దాలు, లోపల తడి వేడి, బల్లల మీద వరసగా కుండీలు. ఆయన బతికున్న చివరి వసంతంలో, ఎర్రటి పూల మధ్య ఒక్కదాని రేకుల మీద తెల్లని చారలు తేలాయి, ఎవరో కుంచెతో గీసినట్టు. ఆయన చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. ఆ మొక్క దుంపను తవ్వి దాచి, చలికాలం రాకముందే కన్నుమూశాడు.

మరుసటి ఏడు చారలు పక్క కుండీల్లోకి వచ్చాయి. ఆ తర్వాతి ఏడు, ఆ పక్క వరసలోకి. ఆయనే ఒక్కో మొక్క దగ్గరికీ నడిచి వస్తున్నాడని ఆవిడకు అనిపించేది. ఎవరితోనూ అనలేదు. నీళ్ళు పోస్తూ వెనక ఎవరో నిలబడ్డట్టు ఆగేది, మెల్లగా మాట్లాడేది. మొక్కలు మాత్రం ఏటికేడు పొట్టిగా, దుంపలు గోళీల్లా చిన్నగా అయిపోతున్నాయి.

ఆయన చెల్లెలు మొక్కల తెగుళ్ళ ల్యాబులో పనిచేసేది. చూడ్డానికి వచ్చి, ఒక ఆకు తుంచుకుని వెళ్ళింది. మళ్ళీ వచ్చినప్పుడు ఒక ఫొటో తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆకు కణం లోపల, పిల్లల గాలిపంకాల్లాంటి ఆకారాలు గుంపులు గుంపులుగా ఉన్నాయి.

"ఇవి ఎవరు కట్టారే?"

"కణమే కట్టింది వదినా. నీ మొక్కలకు వైరస్ పట్టింది. వైరస్‌కి సొంతంగా ఏదీ చేతకాదు. హుకుం దానిది, చాకిరీ కణానిది. తన పిల్లల కోసం ఆ కణం పొరల్నే మడిపించి గదులు కూడా కట్టించుకుంటుంది."

"మరి కణం ఊరుకుంటుందా?"

"ఎదురు తిరగాలనే చూస్తుంది. కానీ వైరస్ వచ్చీ రాగానే దాని గొంతు నొక్కేస్తుంది. తర్వాత పక్క కణంలోకి ఉన్న సన్నని సందును వెడల్పు చేసుకుని అటు పోతుంది. రంగు చేసే పని అక్కడక్కడా ఆగిపోతుంది. ఆ చారలు అవే."

ఆవిడ ఫొటో మీంచి తల తిప్పి కుండీల వంక చూసింది.

"అంటే, వస్తున్నది మీ అన్నయ్య కాదన్నమాట."

ఆడపడుచుకు అర్థమైంది. వదిన చెయ్యి పట్టుకుంది. ఆవిడ ఆ చెయ్యి విడిపించుకుని తన వేళ్ళకేసి చూసుకుంది.

"చారలున్న దుంపలనే ఏరి ముందు నాటాను. నిండు ఎరుపువన్నీ పీకి పారేశాను. ఒకే కత్తితో అన్నీ కోసి, రోగం అన్నిటికీ అంటించాను. నాచేత కూడా చేయించుకుందే అది."

"తెలియక చేశావు వదినా."

"ఆ కణానికి మాత్రం తెలుసా?"

ఆ మధ్యాహ్నమే కుండీల్లోని మొక్కలన్నీ పీకి పెరట్లో గుట్ట పోశారు. ఒక్క మొక్కను ల్యాబు కోసం ఉంచమని ఆడపడుచు బతిమాలింది. ఆవిడ వినకుండా నిప్పు పెట్టింది. పచ్చి కాడలు సులువుగా అంటుకోలేదు. బుసబుసమంటూ, పొగ చిమ్ముతూ సాయంత్రం దాకా కాలాయి. ఇద్దరూ కళ్ళు తుడుచుకుంటూ నిలబడ్డారు, పొగకో మరి దేనికో.

కొత్త దుంపలు తెప్పించి నాటారు. వసంతం వచ్చాక పూలు విచ్చాయి, అన్నీ నిండు ఎరుపే. ఆడపడుచు సంబరంగా షెడ్డులోకి వచ్చేసరికి ఆవిడ ఒక్కో పువ్వునూ వెలుగుకి తిప్పి, రేకు రేకూ విప్పి చూస్తోంది.

"ఏం వెతుకుతున్నావు వదినా?"

ఆవిడ ఉలిక్కిపడి చేతులు వెనక్కి తీసుకుంది. నడుముకున్న షెడ్డు తాళంచెవి తీసి ఆడపడుచు అరచేతిలో పెట్టింది.

"వచ్చే ఏడుకి ఏవి ఉంచాలో నువ్వు ఏరమ్మా. నా చేతిని నేను నమ్మలేను."