ఏడో పేరాలో ఉన్నవారు

ఆరేళ్లుగా రెండు దేశాల మధ్య ఏ కాగితం నడిచినా చివరకు ఈ ఇద్దరి ముందుకే వచ్చేది. బల్లకు ఇవతల అనువాదకురాలు, అవతల పొరుగు దేశపు అనువాదకుడు. ఒకరు తమ భాషలో ఉన్న ప్రతి పైకి చదవాలి. రెండోవారు తమ ప్రతిలో పెన్సిలు పెట్టి చూసుకుంటూ పోవాలి. పేరా కలిస్తే "సరి" అనాలి. అన్నీ కలిసి, ప్రతి పుట కిందా ఇద్దరూ పొట్టి సంతకాలు పెడితేనే మంత్రులు పెద్ద సంతకాలకు కూర్చుంటారు. కామా దగ్గర కూడా తగువు పెట్టుకుంటాడని అవతలి ఆయనకు ఆమె ఆఫీసులో కామాల తాత అని పేరు. ఆమె మాత్రం మాస్టారూ అంటుంది.

ఈసారి కాగితం ఉగ్రవాదం మీద. తమ నేల మీది శిబిరాలను మూయిస్తామని పొరుగు దేశం మొదటిసారి రాసివ్వబోతోంది. ఏడో పేరా బందీల గురించి.

ఆ బందీల్లో ఒకడు ఆమె భర్త. రోడ్ల కొలతల ఉద్యోగి. మూడేళ్ల కిందట సరిహద్దు దగ్గర పని చేస్తుంటే అతన్నీ, ఇంకో ఆరుగురినీ జీపుతో సహా ఎత్తుకుపోయారు. ఒక వీడియో వచ్చింది. గడ్డం పెరిగిన ముఖంతో పేరు చెప్పి తల వంచుకున్నాడు. అది వచ్చి పద్నాలుగు నెలలు. తర్వాత ఉలుకూ పలుకూ లేదు.

"ఈ ఒక్కదాన్నుంచి తప్పుకుంటావా అమ్మా?" అని డైరెక్టరు వారం కిందట అడిగాడు.

"ఇంకొకరు చదువుతారు సార్. నా అంత శ్రద్ధగా చదవరు."

ఆరు పేరాలకు సరి, సరి అనుకుంటూ వచ్చారు. ఏడోది తాత చదివాడు. ఆమె పెన్సిలు ఆగింది.

"ఆ క్రియ మళ్లీ చదవండి మాస్టారూ."

చదివాడు. ఆమె ప్రతిలో 'చెరలో ఉన్నవారి కోసం ఇరుదేశాలూ కలిసి గాలిస్తాయి' అని ఉంది. ఆయన చదివింది ముగిసిపోయిన కాలం. ఒకప్పుడు చెరలో ఉండినవారు.

"నిన్న ఇలా లేదే!"

"పొద్దున మార్చారమ్మాయ్. ఇప్పుడు ఉన్నారంటే మా నేల మీదే ఉన్నారని ఒప్పుకున్నట్టట."

"మరి నా ప్రతి మార్చలేదేం?"

"అక్కర్లేదుగా! మీ భాష గడుసుది. నిన్న ఉన్నవాడూ ఉన్నవాడే, ఇవాళ ఉన్నవాడూ ఉన్నవాడే. మాకా సుఖం లేదు."

ఆమె లేచి పక్క గదిలోకి వెళ్లింది. డైరెక్టరు ఆమె ముఖం చూసి ఫోను పెట్టేశాడు.

"తెలిసే ఒప్పుకున్నాం. మనవాళ్లకు ఉన్నారని మనం చెప్పుకుంటాం. వాళ్లవాళ్లకు ఉండేవారని వాళ్లు చెప్పుకుంటారు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. మన ఉద్యోగమే అదమ్మా."

"పాము చావాలనే కదా సార్ ఈ కాగితం?"

"అర్థభేదం ఉందని రాసే హక్కు నీకుంది. రాస్తే నేను ఆపను. ఇవాళ సంతకం ఆగితే మాత్రం వాళ్లు మళ్లీ బల్ల దగ్గరికి రారు. శిబిరాలు అలాగే ఉంటాయి. రేపు ఇంకో జీపు."

"ఉండినవాళ్లని ఎవరు వెతుకుతారు సార్?"

"వెతుకుతారు. బతికున్నవాళ్లని వెతికినట్టు వెతుకుతారా అంటే... చెప్పలేను."

ఆమె వరండాలో నిలబడింది. మూడేళ్లుగా ఇంట్లో ఆమె కాపలా కాసింది ఆ ఒక్క వర్తమాన కాలానికే. "అన్నయ్యకి చలి పడేది కాదు" అని మరిది అంటే "పడదు" అని దిద్దేది. అతను వస్తే వేసుకోవడానికని చొక్కా కుట్టించబోయి, దర్జీ అడిగితే "భుజాలు పద్దెనిమిది ఉండేవి" అని తనే నోరు జారింది. సగం దారి నుంచి వెనక్కి వెళ్లి "పద్దెనిమిదండీ" అని చెప్పి వచ్చింది. దర్జీ "అదేగా రాసుకున్నాను" అన్నాడు.

అతను స్నానం చేస్తూ ఆ రోజు కొలతలు పైకి వల్లించేవాడు. నీళ్ల చప్పుడులో అంకెలు సగమే వినిపించేవి. ఆ సగం కూడా ఇప్పుడు గుర్తు రావడం లేదు.

తిరిగి వచ్చి కూర్చుంది.

"సరి," అంది.

తాత వెంటనే పుట తిప్పలేదు. ఆమె పొట్టి సంతకం పెట్టి కాగితం జరిపాకే తనదీ పెట్టాడు. ఎనిమిది, తొమ్మిది పేరాలకు కామాల గొడవ రాలేదు.

చివర అనుబంధంలో ఏడు పేర్లు. పేర్లు పైకి చదవాలన్న నియమం లేదు, చూసుకుంటే చాలు. తాత చదవడం మొదలుపెట్టాడు. నాలుగో పేరు దగ్గర ఆగి ఆమె వైపు చూశాడు.

"సరిగ్గా పలికానా?"

"చివర దీర్ఘం ఉంది మాస్టారూ. మీ ప్రతిలో పడలేదు."

"పోనీ అనడానికి లేదు." తాత పెన్సిలు తీశాడు. "మావాళ్లు ఆ కొండల్లో పేరు పెట్టి కేకేస్తారు. తప్పుగా పిలిస్తే మనిషి పలుకుతాడా?"

దీర్ఘం పెట్టి, పక్కన పొట్టి సంతకం చేసి, పేరు మళ్లీ పలికాడు. ఈసారి కుదిరింది.

"ఇంకోసారి అనండి," అంది ఆమె.