కొట్టివేత లేని రిజిస్టరు

ఏడు గంటల్లోపు కావలసినవి: అత్తగారికి వేడినీళ్ళు. భర్తకు మాత్రలు, తెల్లవి రెండు, పసుపుది ఒకటి. గడ్డం గీయడం, బూట్ల తాళ్ళు కట్టడం. ఇంటి అడ్రసు రాసిన చీటీ ఆయన చొక్కా జేబులో పెట్టడం, అదీ ఆయన కంటపడకుండా. ఆ తర్వాత, గోదాము గేటు దగ్గర ఆయన ఉద్యోగం చేయడం.

మందుపాతర పేలి తలకు దెబ్బ తగిలాక సైన్యం ఆయన్ని ఇంటికి పంపేసింది. గేటు దగ్గర ఆయన పని వచ్చేపోయే లారీల నంబర్లు రిజిస్టరులో రాయడం. నంబరు చదివి, రాసేలోపే మరిచిపోతాడు. హారన్ మోగితే బల్లకిందికి దూరతాడు. అందుకే ఆయన వెనక ముక్కాలిపీట మీద కూర్చుని, నాలుగేళ్ళుగా ఆమే రిజిస్టరు రాస్తోంది. ఆయన సంతకం మాత్రం పెడతాడు. "ఒక జీతానికి ఇద్దరొస్తుంటే నాకేం పోయింది?" అని నవ్వేవాడు మేనేజరు. "మొగుడి పరువు కాపాడ్డం కూడా ఒక పనేనా, చెప్పుకోడానికి?" అనేది అత్తగారు. పుట్టింట్లో డిగ్రీ దాకా చదివింది ఆమె ఒక్కతే. ఆ చదువంతా చివరికి లారీ నంబర్లకే పనికొచ్చింది కనుక, వాటినే ముత్యాల్లా రాసేది, స్కేలు పెట్టి మార్జిను గీసి మరీ.

వైకల్య పింఛను బోర్డులో పెద్ద డాక్టరు ఆ రిజిస్టరే తెప్పించి తిరగేశాడు.

"నాలుగేళ్ళలో ఒక్క నాగా లేదు, ఒక్క కొట్టివేత లేదు. ఇదంతా మీరే రాశారా?"

ఆమె నోరు తెరవబోయింది. ఆయన ఆమె మోచెయ్యి నొక్కిపట్టి, ఛాతీ విరుచుకుని, "నేనే సార్" అన్నాడు.

ఉద్యోగం చేయగలడని రాసి దరఖాస్తు కొట్టేశారు.

"అంత అందంగా రాయమని నిన్నెవరడిగారే? నీ చదువు మా కొంప ముంచింది" అంది అత్తగారు.

"అక్కడక్కడా తప్పులు పెడితే నీ సొమ్మేం పోయేది?" అన్నాడు ఆయన. "రేపు పెందలాడే లే. లారీలెక్కువ."

నిన్న ఏం తిన్నాడో గుర్తుండని మనిషికి బోర్డులో ఆ ఒక్క అబద్ధం ఎంత చప్పున గుర్తొచ్చింది! ఆమె అంట్లు తోముతూ మోచేతి మీది వేళ్ళ గుర్తులు చూసుకుంది.

మర్నాడు నీళ్ళు, మాత్రలు, తాళ్ళు, చీటీ, ఏదీ వదల్లేదు. గేటు గదిలో కలం ఆయన చేతికిచ్చి, "ఇవాళ్టినుంచి మీరే రాయండి" అని బయటికి నడిచింది. వెనక మొదటి లారీ హారన్ మోగింది. బల్ల పడ్డ చప్పుడు. మేనేజరు అరుపు. "ఒసేయ్, ఎక్కడున్నావే?" ఆ గొంతు పసిపిల్లాడిదిలా ఉంది. ఆమె ఆగలేదు. బోర్డుకు ఇవ్వాల్సిన అప్పీలు సంచిలో ఉంది. అందులో ఒకటే వాక్యం: ఈ చేతిరాతను ఆ రిజిస్టరులోని రాతతో పోల్చి చూడండి.

మీకెప్పుడైనా ఏ గేటు దగ్గరైనా కొట్టివేత లేని రిజిస్టరు కనిపిస్తే, సంతకం చూసి ఊరుకోకండి. వెనక ముక్కాలిపీట మీద కూర్చున్న ఆమెను గుర్తుంచుకోండి.