ఆగని పాఠాలు

ఇందిరా పార్కు రోడ్డు ఎక్కబోయిన విద్యావతి టీచర్ చప్పున కాలు వెనక్కి తీసి, చిక్కడపల్లి లైబ్రరీ వైపు తిరిగింది. నారాయణగూడలోని బడికి అది చుట్టుదారి. మోకాళ్ల నొప్పులతో చుట్టుదారి ఎందుకమ్మా అంటే, పార్కు దగ్గర టెంట్ ఉంది. దాని కింద కాంట్రాక్టు టీచర్లు సమ్మెలో కూర్చున్నారు. వాళ్లలో తనను అక్కా అని పిలిచే రాగిణి ఉంది. విద్యావతి రోజూ పోతున్నది రాగిణి క్లాసుకే.

పొట్టి మనిషి. గంజిపెట్టిన నూలు చీర, భుజాన సంచి, అందులో పెరుగన్నం. సర్కారు బడిలో పర్మినెంటు టీచరుగా చేరిన నాటి నుంచి పాము చావకుండా, కర్ర విరగకుండా నెట్టుకొచ్చింది. యూనియన్‌కు చందా కట్టేది, మీటింగుకు మాత్రం పోయేది కాదు. తీరా రిటైరయ్యే ఏడాది ఆర్డరొచ్చింది: సమ్మె చేసేవాళ్ల బదులు ఆడపిల్లల హాస్టల్ బడిలో లెక్కలు చెప్పాలి. పోనంటే మెమో. మెమో పడితే పెన్షన్ ఏమవుతుందో దేవుడికెరుక.

యూనియన్ రామచంద్రరావు సార్ ఫోన్ చేసి ఒక ఉపాయం చెప్పాడు.

"పోవుడు పోండ్రి మేడం. హాజరు తీస్కొని ఊకె కూసోండ్రి. పాఠం మాత్రం చెప్పకుండ్రి. పాఠాలు ఆగితేనే సర్కారు దిగొస్తది."

మొదటిరోజు అట్లాగే కూర్చుంది పాపం. మధ్యాహ్నానికి పదో తరగతి సంధ్య నోటుబుక్కు తెచ్చి, "టీచర్, ఇది తప్పెట్లయింది?" అంది. చెయ్యి ఊరుకుంటేనా! లేచి బోర్డు మీద రాసింది. ఆ లెక్క వెనక ఇంకో లెక్క, ఆ పాఠం వెనక ఇంకో పాఠం. ఇవాళ కూడా అంతే. సుద్ద పట్టుకుంటే టెంటూ గుర్తులేదు, రాగిణీ గుర్తులేదు. వెనక బెంచీ పిల్లలు కూడా అర్థమైందని తలూపుతుంటే ఎంత సంతోషమో! గంట కొట్టాక ఆ సంతోషానికే సిగ్గేసేది.

మధ్యాహ్నం స్టాఫ్‌రూములో ఆమె డబ్బా మూత తీస్తుండగా రాగిణి వచ్చింది. ఎండకు ముఖం నల్లబడింది.

"మంచిగున్నవా అక్కా?"

విద్యావతికి లేవాలో కూర్చోవాలో తోచలేదు. "ఏంది, ఇట్లొచ్చినవ్? సమ్మె?"

"అయిపోయిందక్కా. పొద్దుగాల చర్చలకు పిలిచిన్రు. ఆఫీసర్ ఏమన్నడో ఎరికేనా? బడులల్ల పాఠాలు మంచిగనే నడుస్తున్నయి గద, మీకేం తొందర, తర్వాత చూద్దాం అన్నడు. ఇగ మావోళ్లకు నోరెక్కడిది?"

"నేను చెప్పకుండ ఉండాల్సింది, రాగిణీ."

"అట్లనకు. పిల్లలేం పాపం చేసిన్రు? సిలబస్ అయిపోవచ్చిందట, గేటుకాడ చెప్పిన్రు. మస్తు సంబురమైంది." నిజంగానే నవ్వింది.

తిడితే బాగుండనిపించింది విద్యావతికి. రెండు చెంపలూ వాయించినా బాగుండేది.

"రేపటిసంది వస్తవు గద?"

"రానక్కా. రాంనగర్ల మా మరిది బట్టల దుకాణంల లెక్కలు చూస్త. పన్నెండేండ్లు ఎదురుచూసిన. పర్మినెంటు లేదు, పాడు లేదు. పగలు పాఠం చెప్పాలె, రాత్రి ఈడనే పండుకొని పిల్లలకు కాపలుండాలె. దుకాణమైతే రాత్రికి నా బిడ్డ పక్కల పండుకుంట."

క్షమించమని అడగాలి. మాట నాలుక చివరిదాకా వచ్చింది. "చాయ్ తాగి పో" అని మాత్రం అనగలిగింది.

"ఇంకోపారి తాగుత" అని రాగిణి క్లాసుల వైపు పోయింది. పిల్లల కేకలు వినబడ్డాయి, కాసేపటికి ఎవరో వెక్కి వెక్కి ఏడవడం వినబడింది. ఆ తర్వాత గేటు చప్పుడైంది.

సాయంత్రం స్టాఫ్‌రూములో విద్యావతి సంచి సర్దుకుంటుంటే సంధ్య గుమ్మంలో నిలబడింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"టీచర్, ఇయ్యాల్టిసంది రాగిణి టీచర్ ఉంటదని, ఇన్నిరోజులు మాకు కాపలున్న వంటామె ఇంటికి పోయింది. రాత్రి మాతోని ఎవరుంటరు?"

నేనుంటా అనాలి. ఒక్క మాట. ఇంట్లో బీపీ గోలీలున్నాయి, మోకాళ్లున్నాయి, చీకటి పడితే కంగారుపడే భర్త ఉన్నాడు. సాకులకేం కొదవ?

"ఎవరో ఒకరొస్తరులే బిడ్డా" అంది, ఆ పిల్ల ముఖం చూడకుండా.

సంధ్య తలూపి వెళ్లిపోయింది. గది మూలన ఇనప మంచం మీద, రాగిణి కప్పుకునే గళ్ల దుప్పటి నాలుగు మడతలేసి, దిండు మీద పెట్టి ఉంది.