గాలిమరకు వద్దన్న పని

జట్లాండ్ అనే చలిసీమ పడమటి తీరంలో ఆ ఉదయం గాలి చెవుల్లో హోరెత్తుతోంది. ఊరివాళ్ళందరూ వాటాలు వేసుకుని కట్టుకున్న పాత గాలిమర మాత్రం కదలడం లేదు. దేశంలో కరెంటు వాడకానికి మించి పుడుతోంది, ఆపేయండని కంట్రోల్ రూమ్ నుంచి కబురు. దాని కాలం తీరిందని రేపు పొద్దున్నే క్రేన్ వచ్చి దాన్ని విప్పేస్తుంది.

ఇన్నేళ్ళూ దానికి గ్రీజు పెట్టిన ఐనార్ కిటికీ దగ్గర కూర్చుని కాఫీ చల్లారబెట్టుకుంటున్నాడు. ఆ మర చివరిసారి తిరిగితే చూడాలని అతని కోరిక. భార్య బోడిల్‌కు చెప్పలేదు. ఆమెకు ప్రత్యేకంగా చెప్పాలా! ఆ మొండిమనిషి మొహం ముడుచుకుంటే ఆమెకు ముద్ద దిగదు.

"వాడకం పెరిగితే తిప్పుతారుగా?" అనుకుని పక్కింటి అస్టాకు ఫోన్ చేసింది.

"అస్టా, ఓవెన్ పెట్టు. వాషింగ్ మెషీన్ కూడా వెయ్యి."

"ఉతకడానికేం లేవే!"

"ఉతికినవే ఉతుకు. మీ ఆయన చొక్కాలకు ఇంకో ఉతుకు పడితే వచ్చిన నష్టమేం లేదులే."

మాట ఇల్లిల్లూ తిరిగింది. మధ్యాహ్నానికి వీధంతా యాలకుల బన్నుల వాసన. గాలిమర ఉలకలేదు, పలకలేదు.

సాయంత్రం జనం బన్నుల తట్టలతో ఐనార్ ఇంట్లో దిగబడ్డారు. బోడిల్ నిజం చెప్పేసింది. అతను పగలబడి నవ్వాడు.

"పిచ్చిదానా! మన ఓవెన్లన్నీ కలిపినా సముద్రంలో కొత్తగా పాతిన ఒక్క మర ఇచ్చే కరెంటును వాడెయ్యడానికి ఏ మూలకూ చాలవు."

"నాకేం తెలుసు? నువ్వు దిగులుపడుతుంటే చూడలేకపోయాను." ఆమె మొహం చిన్నబోయింది.

ఐనార్ నవ్వు ఆగిపోయింది.

"ఇది కట్టిననాడు ఏమన్నారు? దీంతో ఆవుల కొట్టంలో దీపం కూడా వెలగదన్నారు. ఇవాళ దేశమే చాల్లే, మీది వద్దంటోంది. ఈ మాట వినడానికే కదా కట్టాం, బోడిల్." కోటు అందుకున్నాడు. "రా. విప్పేముందు వెయ్యాల్సిన ఆఖరి బ్రేకు మనమే వేసొద్దాం. రేపు ఎవరో క్రేన్ వాళ్ళెందుకు వెయ్యాలి?"

మర అడుగున, బ్రేకు మీట మీద అతను చెయ్యి వేశాడు. బోడిల్ తన చెయ్యి దానిమీద వేసింది. వెనక బన్నులు నములుతున్న ఊరంతా నమలడం ఆపేసింది. ఇద్దరూ కలిసి మీట నొక్కారు.