ముత్యం పగలగొట్టిన రోజు

గిద్దలూరు కంసాలి గురవయ్య హారంలోని ఒక ముత్యాన్ని ముందుపళ్ళకు రాసి చూశాడు. గడప పక్కన నిలబడ్డ పద్మమ్మ అతని చేతినే చూస్తోంది.

"గరుగ్గానే తగులుతా ఉంది, గాజుపూస కాదు. కానీ ఇప్పుడొచ్చే జపాను ముత్యమైనా ఇట్లనే తగుల్తాది. దాని నడుమ చిప్పతో చేసిన గుండు ఉంటాది. ఒకటి పగలగొడితే తప్ప తేలదు" అన్నాడు.

శ్రీశైలం దారిన పోయే ముత్యాల బేహారికి ఏ ముత్తవ్వో జత ఎద్దులిచ్చి కొన్న హారం అది. అప్పటినుంచీ ఆ ఇంట పెద్దకోడలికే చెందుతూ వచ్చింది. అత్త మంచాన పడ్డ ఆరేళ్ళూ చాకిరీ చేసిన చిన్నకోడలు పద్మమ్మ దాన్ని తన పెట్టెలో భద్రపరిచింది. అత్త పోయాక తోడికోడలు మాలకొండమ్మ చేతికివ్వబోతే, బావ కొండయ్య అడ్డుపడ్డాడు. అమ్మ మెడలో ఉన్నప్పటి మెరుపేదని, అసలువి మార్చేశారని ఊరిపెద్దల ముందే అన్నాడు. అది తేల్చడానికే పెద్దలు గురవయ్యను ఇంటికి పిలిపించారు.

పద్మమ్మ తను మార్చలేదని ఒట్టేయగలదు. మొగుడు ఓబులేసు మార్చలేదని మాత్రం ఒట్టు వేయలేకపోతోంది. రెండేళ్ళ కిందట దారం చివికిపోతే ఓబులేసు హారాన్ని గుచ్చించడానికి రైల్లో నంద్యాల తీసుకెళ్ళాడు. సాయంత్రానికి వస్తానన్నవాడు నాలుగోనాడు వచ్చాడు. ఎందుకింత ఆలస్యమంటే విసుక్కున్నాడు. ఆనాటినుంచి పెట్టె తెరిచినప్పుడల్లా ముత్యాలు మసకబారినట్టే కనిపించేవి.

అందరూ ఆమె వైపే చూస్తున్నారు. వద్దంటే దొంగతనం ఒప్పుకున్నట్టే. సరేనంటే, గుండు బయటపడితే, ఓబులేసు ఊళ్ళో తలెత్తుకోలేడు.

"పగలగొట్టు మామా" అంది.

గురవయ్య సుత్తి లేపాడు. ఆమె చూపు తనకు తెలియకుండానే మొగుడి ముఖం మీదికి పోయింది. అతను ఆమెనే చూస్తున్నాడు. మొదటి దెబ్బకు ముత్యం జారింది. రెండో దెబ్బకు చిట్లింది.

గురవయ్య ముక్కల్ని అరచేతిలో వేసుకుని వాకిట్లో ఎండకు పట్టాడు.

"ఉల్లిగడ్డ మాదిరి నడిమి దాకా పొరలే. సముద్రంలో తానుగా పుట్టిందే ఇది. పెట్టెలో మగ్గి మెరుపు తగ్గింది, అంతే" అన్నాడు.

కొండయ్య కండువాతో ముఖం తుడుచుకుని, తప్పయిపోయిందని గొణిగాడు. మాలకొండమ్మ సిగ్గుపడి హారాన్ని పద్మమ్మ ఒళ్ళో పెట్టబోయింది. పద్మమ్మ చెయ్యి చాపలేదు. అది నీదే అక్కా, మెడలో వేసుకో అని లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఎద్దులకు చొప్ప వేస్తూ ఓబులేసు అన్నాడు: "సుత్తి లేపినప్పుడు నా మొగం చూసినావు."

పద్మమ్మ చొప్పమోపు అతని దగ్గరికి జరిపింది.

"నంద్యాలలో ఆ గుచ్చేవాడు ఒక్కటన్నా మారుస్తాడేమోనని మూడు దినాలు వాని ముందర్నే కూచున్నా."

"ఆ పొద్దే చెప్పుంటే?"

"దొంగనడిగినట్ల అడిగితివి. చెప్పబుద్ధి కాలేదు."

మరునాటినుంచి అతను జొన్నచేను కాపలాకని మంచె మీదే ఉండిపోయాడు. ఆమె రోజూ సంగటి తీసుకెళ్ళి, దించి, మాట లేకుండా తిరిగొచ్చేది. ఆరోనాడు అతను ముద్ద కలుపుతూ, ఎర్రెద్దు కుంటుతోందని చెప్పాడు. పద్మమ్మ గట్టు మీద కూర్చుని, ఏ కాలు అని అడిగింది.