ఇంట్లో మంచు

తెల్లారగానే తిమ్మప్ప మగ్గం గుంటలోకి కాళ్లు దించి కూర్చుంటాడు. అంతకుముందే అతని భార్య నీలావతి గోనెపట్టాలు తడిపి మగ్గం కింద పరచాలి. ధర్మవరం ఎండలకు గాలిలో తడి లేక పట్టుపోగు పుటుక్కున తెగిపోతుంది మరి. నీలావతికి మనసు బాగాలేని రోజుల్లో మాత్రం పట్టాలతో పనిలేదు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంటుంది. కాసేపటికి ఆమె వీపు మీదనుంచి మంచు లేచి ఇల్లంతా కమ్ముకుంటుంది. పోగు మెత్తబడుతుంది, ఒక్కటీ తెగదు. వీధిలోవాళ్లు పెరుగు గిన్నెలు, మల్లెమొగ్గలు తెచ్చి గడప లోపల పెట్టిపోతారు.

"నీలక్కకు మళ్లా వచ్చినట్టుండాది, పాపం. ఈ పెరుగు పులవకుండా ఆ మూల పెట్టు తిమ్మప్పన్నా" అంటుంది పక్కింటి రాణి.

తిమ్మప్ప చెడ్డవాడు కాడు. ఆమెను అనంతపురం తీసుకుపోయి డాక్టరుకు చూపించాడు. మాత్రలు తన చేత్తో ఇచ్చి, మింగేదాకా ఎదురుగా కూర్చుంటాడు. మాత్రలతో కొన్ని నెలలు ఆమె బాగుంటుంది, నవ్వుతుంది, అతనితో వాదులాడుతుంది. తర్వాత మళ్లీ మంచు. ఆ మంచులో తడుముకుంటూ అన్నం వండుకోవడం, ఆమెను బతిమాలడం, కసరడం, మళ్లీ బతిమాలడం. ఏళ్లు గడిచేసరికి మనిషి అలసిపోయాడు. మడకశిరలో ఉన్న ఆమె అన్న బసవరాజుకు ఫోన్ చేశాడు.

"బావా, ఇంక నాచేత కాదు. నీ చెల్లెల్ని పిల్చుకోని పో."

"ఆదివారం వస్తా. కానీ ఒకటి, మళ్లా పంపమంటే పంపను" అన్నాడు బసవరాజు.

నీలావతి విన్నది. అతని లుంగీలు ఉతికి మడతపెట్టింది, తన చీరలు సంచిలో సర్దుకుంది.

ఆ ఆదివారమే సినిమావాళ్లు వచ్చారు. సినిమావాళ్లంటే పెద్ద హంగామా ఏమీ లేదు. హిందూపురం అమ్మాయి సుధ, కెమెరా పట్టే గిరి, ఇంకో ఇద్దరు. ఆలుమగల మధ్య ఇట్లాంటి జబ్బు చేరిన కథ తీస్తున్నారు. సగం పెనుకొండలో తీశారట. మిగతా సగం ఈ ఇంట్లో, ఈ ఇంటివాళ్లతోనే. ఎప్పుడో ఒప్పుకున్న మాట కదా అని నీలావతి అందరికీ కాఫీలు కూడా ఇచ్చింది.

"అక్కా, నువ్వు గోడవైపు తిరిగి పడుకో. తిమ్మప్పన్న వచ్చి లేపుతాడు" అంది సుధ.

"నేను పండుకోను పాపా. ఆ వేషం వేసి వేసి ఉండా. ఈ తూరి ఆయప్పను పండుకోమను. మొగుడి వేషం నేనేస్తా."

"ఏందే, నాకు ఆడమనిషి వేషమా?" అన్నాడు తిమ్మప్ప.

"చీర కట్టుకోమనలేదులే. పండుకో."

గిరి ఫక్కున నవ్వాడు. సుధ "సరే, కానీండి" అంది.

తిమ్మప్ప చాప మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ గోడకు ఏటా సున్నం కొట్టేది తానే. ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. నీలావతి తల ఆనేచోట నూనె మరక ఉంది. దాని పక్కన గోటితో గీకి గీకి సున్నం రాలిపోయి ఉంది.

నీలావతి కొంగు నడుముకు దోపి, అచ్చం అతనిలాగే మడమలు నేలకు కొడుతూ వచ్చి నిలబడింది.

"ఏమే, ఇంకా లేయలేదా? నీకేం తక్కువైంది? తిండి లేదా, గుడ్డ లేదా?"

"అబ్బ! తిమ్మప్పన్నే దిగినాడు!" అంది గుమ్మంలోంచి రాణి. తిమ్మప్పకు కూడా నవ్వొచ్చింది.

"సరే, పండుకో పండుకో. నీ పుణ్యాన పోగన్నా తెగకుండా ఉండాది."

అది తిమ్మప్ప ఎప్పుడూ వేసే జోకే. ఆమెను నవ్వించాలనే అనేవాడు. గోడవైపు తిరిగి వింటే అందులో నవ్వు ఎక్కడా దొరకలేదు. అట్ల కాదే అని చెప్పబోయాడు. నోరు పెగల్లేదు, ఒళ్లు కదల్లేదు. వీపు చల్లబడింది. చొక్కాలోంచి మెల్లగా మంచు లేచింది.

గిరి కెమెరా అద్దాన్ని చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. సుధ ఆపమనలేదు. కథ ప్రకారం మొగుడు విసుక్కుని మగ్గం దగ్గరికి పోవాలి. నీలావతి పోలేదు. అతని వెనకాల కూర్చుని, వీపు మీద చెయ్యి వేసి, అట్లాగే ఉండిపోయింది.

బయట ఆటో ఆగింది.

"నీలా! సంచి తెచ్చుకో, ఆటో నిలబడుకోనుండాది" బసవరాజు గొంతు. గడప దగ్గరికొచ్చి మంచు చూశాడు. "మళ్లా వచ్చిందామ్మా నీకు?"

"నాకు కాదన్నా. ఆయప్పకు."

బసవరాజు గడపలోనే ఆగి మంచులోకి తొంగిచూశాడు.

"ఈ మనిషిని ఇట్ల ఇడిసిపెట్టి నేను యాడికి రావల్ల?" అంది నీలావతి.

"పిల్చుకోని పొమ్మన్నది ఆయప్పే గదమ్మా!"

"అన్నాడులే. మంచు పట్టినప్పుడు నేనూ శానా అంటా."

మంచులోంచి తిమ్మప్ప చెయ్యి తడుముకుంటూ వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఆటోను పంపించేసి రా అన్నా" అంది నీలావతి. "వచ్చి ఊరికే కూచో. లెయ్యమని మాత్రం అనొద్దు."

బసవరాజు చెప్పులు విడిచి, గోడ పట్టుకుని లోపలికి వచ్చి, తిమ్మప్ప కాళ్ల దగ్గర కూర్చున్నాడు.